జర అలవాటున్నది

గోదావరిఖని క్వార్టర్లలో అనసూర్య జాకెట్లు కుడుతుంది. చంకల దగ్గర పట్టకుండా, భుజాలు జారకుండా కుట్టే చెయ్యి అని ఆడవాళ్లలో మంచి పేరు. అయినా కొత్తవాళ్లెవరైనా ఇల్లు అడిగితే సందు మొదట్లో ఉన్నవాళ్లు ఆ పేరుతో దారి చూపించరు. "అనసూర్యనా? తాగుబోతు పోశం పెండ్లాం గదా? గా నీళ్ల ట్యాంకు ఎనుకకు పోండ్రి" అంటారు. జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చినవాళ్లే ఆ సంగతి నవ్వుతూ చెబుతారు. అనసూర్య కూడా నవ్వినట్టు మొహం పెడుతుంది. వాళ్లు వెళ్లాక ఆమె మిషన్ తొక్కే జోరు వింటే చాలు, అవ్వతో ఇప్పుడు మాట్లాడకూడదని కూతురు స్పందనకు తెలిసిపోతుంది.

పోశం బొగ్గుబాయిలో పనిచేస్తాడు. గనిని అక్కడ బాయి అనే అంటారు. సొంతూరు సుల్తానాబాద్ దగ్గర. తండ్రి నౌకరి చిన్నకొడుకు పోశానికి వచ్చింది, పొలం పెద్దకొడుకు కైలాసానికి పోయింది. పెళ్లి మాటలప్పుడు సంబంధం తెచ్చిన పెద్దమనిషి, "పిలగాడు మంచోడు, జర అలవాటున్నది, గంతే" అన్నాడు. అనసూర్య తండ్రి, "బాయి దిగేటోనికి గా మాత్రం లేకపోతె ఎట్ల?" అని చేయి ఊపేశాడు. ఏం అలవాటని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమే లేదు. గోళ్లు కొరకడం అలవాటు కాదు, పొద్దున్నే లేవడం అలవాటు కాదు. పెళ్లి మాటల్లో అలవాటంటే ఒక్కటే.

మొదట్లో అది షిఫ్టు దిగి వచ్చాక, ఒళ్లునొప్పుల పేరుతో ఉండేది. తోటి పనివాడు వెంకటితో కలిసి తాగి, కోడికూర తిని, పడుకునేవాడు. "జర ఏసుకున్నడు" అనేది అనసూర్య. కొన్నేళ్లకు షిఫ్టుకు పోయే ముందు కూడా మొదలైంది. అప్పుడు "జర ఎక్కువైంది" అనేది. తర్వాత నాగాలు మొదలయ్యాయి. డ్యూటీకి ఎందుకు రాలేదని బాయి నుంచి ఎవరైనా వస్తే, "జరమొచ్చింది" అని తలుపు దగ్గరే నిలబడి చెప్పేది. పక్క క్వార్టర్ కోమల, "అన్న ఇంట్లనే ఉన్నడా అక్కా?" అని తొంగిచూస్తే, "అలిసిండు, పండుకున్నడు" అనేది. స్పందన బడిలో చదివేటప్పుడు సార్లు తండ్రిని పిలిపిస్తే, "బాపుకు పానం బాగలేదు" అని చెప్పమని తానే నేర్పింది. అన్నేళ్ల పాటు ఆ ఇంట్లో పోశానికి జరమే ఉంది, అలసటే ఉంది. తాగుడు అనే మాట మాత్రం లేదు. ఇంటి గడప దాటితే ఆ మాట తప్ప ఇంకోటి లేదు.

పోశం తాగేటప్పుడు ఆమె చాలాసార్లు చూసింది. పొద్దున మొహం కడగకముందే లేచి, గోడ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని మింగేవాడు. కొన్నిసార్లు కక్కుకుని, నీళ్లతో నోరు పుక్కిలించి, మళ్లీ తాగేవాడు. అందులో సంతోషం ఏ మూలా లేదు. కాసేపటికి చేతుల వణుకు తగ్గేది. అప్పుడే చాయ్ గ్లాసు పట్టుకోగలిగేవాడు. ఇంత యాతన పడి తాగేదెందుకని ఆమెకు అర్థమయ్యేది కాదు. అడిగితే అతనికి కోపమొచ్చేది. ఒకసారి అన్నం పళ్లెం విసిరేశాడు. అది స్పందన నుదుటికి తగిలింది. ఆ సాయంత్రం కూతురి ముందు కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాడు. మర్నాడు పొద్దున మళ్లీ గోడ వైపు తిరిగాడు.

సలహాలకు కరువు లేదు. "మనసు గట్టిచేసుకుంటె మానుడెంత పని?" అనేవాడు కైలాసం. "నువ్వు గట్టిగుంటె ఆయన గిట్లయితుండెనా?" అని ఆడబిడ్డ. బస్టాండు గోడ మీద "తాగుడు మాన్పించబడును" అని రాసిన ఒక మనిషి దగ్గరికి పోయి, కూరలో కలిపే పొడి కూడా తెచ్చింది అనసూర్య. అది తిన్న పోశం పేగులు బయటపడేలా కక్కాడు. కూరలో ఏదో కలిపిందని పసిగట్టి, చాలా రోజులు ఆమె చేతి వంట ముట్టలేదు. తాగుడు మాత్రం తగ్గలేదు.

ఆ ఎండాకాలం స్పందనకు కరీంనగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. పిల్లవాడు గ్రానైట్ కంపెనీలో లెక్కలు చూస్తాడు. సంబంధం తెచ్చింది కైలాసమే. వచ్చీరాగానే తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"వాళ్లు ఇల్లు సూడ వస్తరు. నువ్వు గిట్లుంటె పిల్లకు పెండ్లైతదా? ఆంజనేయస్వామి మాల ఏస్కో. వెంకటిని సూడు. ఏడాదికోపారి మాల ఏస్తడు, అన్ని రోజులు చుక్క ముట్టడు. వానికి చేతనైంది నీకు చేతకాదా?"

పోశం తల వంచుకుని విన్నాడు. కూతురి వైపు చూశాడు. "ఏస్కుంట అన్నా" అన్నాడు. అనసూర్యకు కన్నీళ్లు ఆగలేదు. ఇన్నేళ్లకు ఆ నోటి నుంచి ఆ మాట వచ్చింది. మాల వేసుకున్న రోజు కాషాయం బట్టల్లో, నుదుట సింధూరంతో ఉన్న అతణ్ణి సందులోని వాళ్లంతా "స్వామీ" అని పిలిచారు. తాగుబోతు పోశం ఒక్కపూటలో స్వామి అయ్యాడు. ఆ పిలుపుకు అతని మొహం వెలిగింది. అది చూసి అనసూర్య, దేవుడు దారి చూపించాడనుకుంది.

ఆ రాత్రంతా అతనికి చెమటలు. నిద్ర పట్టలేదు. మర్నాడు చేతులు, పెదవులు వణికాయి. "ఉపాసముంటున్నడు గదా, గట్లనే ఉంటది" అన్నారు అందరూ. ఆ మరుసటి రోజు పొద్దున పోశం పూజ ముందు కూర్చుని చేతి మీంచి ఏవో దులుపుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఏమీ లేవు. కాసేపటికి పైకి చూసి గట్టిగా అరిచాడు.

"కప్పు కూలుతుంది! జరుగుండ్రి! వెంకటీ, బయటికి ఉరుకు!"

వెంకటి అక్కడ లేడు. పోశం కంటికి ఇల్లు కనిపించడం లేదు, బాయి కనిపిస్తోంది. అడ్డం వచ్చిన అనసూర్యను నెట్టేశాడు. స్పందన చేయి పట్టుకుని, నువ్వెవరివి, హెల్మెట్ ఏదని అడిగాడు. కబురు అందుకుని కైలాసం కారు తీసుకుని వచ్చాడు. చూడగానే తేల్చేశాడు.

"మాలల ఏదో తప్పు చేసిండు. స్వామి కోపానికొచ్చిండు. లేకపోతె గాలి సోకింది. కొండగట్టు పోదాం, అక్కడ కొన్నొద్దులుంటె మంచిగైతది."

అనసూర్యకూ అదే తోచింది. కొండగట్టు ఆంజనేయుని గుడిలో మతి చెదిరినవాళ్లను ఉంచడం చిన్నప్పటి నుంచి వింటున్నదే. తాగుతున్నన్నాళ్లూ సోయిలోనే ఉన్న మనిషి మానేశాక సోయి తప్పాడంటే, దయ్యమో దేవుడో తప్ప ఇంకేముంటుంది? నలుగురూ కారెక్కారు. పెద్దపల్లి దాటారు, సుల్తానాబాద్ దాటారు. కరీంనగర్ దగ్గరికి వస్తుండగా పోశం ఒళ్లు బిర్రబిగుసుకుంది. కళ్లు పైకి తేలాయి, నోట్లోంచి నురగ వచ్చింది, కాళ్లు ముందు సీటును టపటపా తన్నాయి. స్పందన, "పెద్దబాపూ, దవాఖానకు పోనియ్యి!" అని కేక పెట్టింది. కైలాసం కారును దారిలో కనిపించిన పెద్ద దవాఖాన వైపు తిప్పాడు.

లోపలికి పోయే ముందు అనసూర్య చెవిలో మాత్రం ఒక మాట వేశాడు. "సంబంధపోల్లది గీ ఊరే. వాళ్ల చుట్టాలు ఎవరుంటరో ఏమో. నోరు జారకు."

నర్సు పోశాన్ని మంచం మీద పడుకోబెట్టి, రక్తపోటు చూస్తూ అడిగింది. "ఇంతకు ముందు ఫిట్సు వచ్చినయా? ఏమన్న మందులు వాడుతున్నడా?"

అనసూర్య నోరు తెరిచేలోగా కైలాసం జవాబిచ్చాడు. "ఏ మందు లేదు సిస్టర్. మందు జోలికే పోడు. సూస్తలేరా, మాలల ఉన్నడు."

నర్సు తల ఊపి వెళ్లిపోయింది. జ్వరం చూశారు, రక్తం తీశారు, తలకు స్కాన్ చేయించారు. మెదడుకు ఏదైనా జ్వరం సోకిందేమోనని ఒక డాక్టరు అన్నాడు. పోశం మంచం మీద నుంచి లేచి పరుగెత్తబోతే ఇద్దరు పట్టుకున్నారు, చేతులకు గుడ్డలు చుట్టి మంచానికి కట్టారు. అనసూర్య గోడకు ఆనుకుని నిలబడింది. చెప్పాలని ఆమెకు తెలుసు. ఏమని చెప్పాలో తెలియలేదు. "తాగుతడు" అంటే తాగి వచ్చాడనుకుంటారు. అతను తాగలేదు. తాగుబోతు అంటే, మాలలో ఉన్న మనిషిని, కట్టేసి పడేసిన మనిషిని, అందరి ముందూ తిట్టినట్టు అవుతుంది. అలవాటుంది అంటే ఎవరికి లేదంటారు. ఇన్నేళ్లు దాచడానికి అన్ని మాటలు దొరికాయి, చెప్పడానికి ఒక్కటి దొరకలేదు.

మధ్యాహ్నం దాటాక ప్రజ్ఞ అనే డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నదే. పోశం వేళ్ల వణుకు చూసింది, చెమట చూసింది, కళ్లలోకి చూసింది. తర్వాత కైలాసాన్ని కాకుండా అనసూర్యను పిలిచింది.

"అమ్మా, ఈయన తాగుతడా?"

"జర అలవాటుండె మేడం" అన్నాడు వెనుక నుంచి కైలాసం. "అందరు తాగినట్టే. ఇప్పుడు మానేసిండు."

"నేను ఆమెను అడుగుతున్న. జర అంటే ఎంత? ఎప్పుడెప్పుడు?"

అనసూర్య బావ మొహం చూసింది. అతను కళ్లతో వద్దన్నాడు. మంచం మీద పోశం, కట్టేసిన చేతులతోనే ఏదో పార పట్టుకున్నట్టు కదిలిస్తున్నాడు. ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"జర కాదు మేడం. పొద్దుగాల లేవంగనే తాగుతడు. తాగకపోతె చెయ్యి వణుకుతది, చాయ్ తాగరాదు. డ్యూటీల తాగుతడు, ఇంటికొచ్చి తాగుతడు. ఎన్నేండ్ల సంది గిట్లనే. మాల ఏస్కున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు. మేమే మానుమంటిమి. మానిండు. మానితే గిట్లాయె."

"ఒక్కసారే ఆపేసిండా? ఏ మందులు లేకుండా?"

"ఆపమంటె ఒక్కసారే ఆపుతరు గదా మేడం? సగం సగం ఆపుతరా?"

డాక్టరమ్మ నర్సును పిలిచి సూదులు చెప్పింది. గ్లూకోజులో ఏవేవో కలపమంది. అవన్నీ అయ్యాక తిరిగి వచ్చి, "పొద్దుటి నుంచి ఇక్కడ ఉన్నరు. ఇంతసేపు ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, అయినా అనసూర్యకు రోషం వచ్చింది.

"మీరు సమజయ్యేటట్టు అడిగిండ్రా మేడం? మందులు వాడుతుండా అన్నరు. మాకు మందంటే గదే, జరానికి తాగే మందూ మందే. మా బావ ఒక దానికి జవాబు చెప్పె, మీరు ఇంకోటి అనుకుంటిరి. మనిషి సావు దాక పోయె."

"నిజమే" అంది డాక్టరమ్మ. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. ఏళ్లుగా తాగిన ఒళ్లు దానికే మరిగిపోతుందని, ఒక్కసారి ఆపితే నరాలు తట్టుకోలేవని, లేనివి కనిపిస్తాయని, ఫిట్స్ వస్తాయని, కొందరు చనిపోతారని. వెంకటిలాంటివాళ్లు ఆపితే ఏమీ కాకపోవచ్చని, పోశంలాంటివాళ్లు దవాఖానలో ఉండే ఆపాలని. మనసు గట్టిదా మెత్తదా అన్న దానితో ఆ వణుకుకు సంబంధం లేదని.

"అయితే గీ జబ్బుకు పేరేంది?" అని అడిగింది అనసూర్య.

"మద్యం మీద ఆధారపడే జబ్బు అంటం."

అనసూర్య ఆ మాటను నోట్లోనే ఒకసారి తిప్పి చూసుకుంది. ఎవరైనా ఇల్లు అడిగితే ఇంత పొడుగు మాట ఎవరు చెబుతారు?

పోశానికి తెలివి వచ్చాక ముందు అడిగింది మాల గురించే. మధ్యలో తీసేశారని తెలిసి మొహం గోడకు తిప్పుకున్నాడు. మాల వేసిన గురుస్వామి ఫోన్లో, "ముందు పానం, మాల తర్వాత. స్వామి ఏమనుకోడు" అని చెప్పినా అతను నమ్మలేదు. "దేవుని కాడ కూడ నిలవలేకపోయిన" అన్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా అనసూర్య అతనికి చెప్పింది. అతను విన్నాడు, కానీ విన్నది తన గురించి అనుకున్నట్టు లేదు.

సంబంధం తప్పిపోయింది. దవాఖాన సంగతి ఎట్లా తెలిసిందో, తెలిసింది. పిల్లవాడి తండ్రి కైలాసానికి ఫోన్ చేసి, "పిల్ల తండ్రి తాగుబోతట గదనే, ముందే చెప్పద్దా?" అన్నాడు. ఆ మనిషి సుల్తానాబాద్ వచ్చినప్పుడు కైలాసంతో కలిసి రెండుపూటలా తాగి పోయినవాడే. కైలాసం ఇంటికొచ్చి సంగతి చెప్పినప్పుడు ఆ మాట స్పందనే అంది. "ఆయనది దావత్, మా బాపుది తాగుడా?" కైలాసం చిరాకుపడ్డాడు. "గాయన మర్యాదగ తీస్కుంటడు. నీకేం తెల్సు?" స్పందన లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. సంబంధం పోయినందుకు ఆమెకు బాధ లేదు. నుదుటి మీద మచ్చను అందరికీ జారిపడితే అయిందని చెప్పి చెప్పి ఆమె విసిగిపోయింది, అంతే.

డాక్టరమ్మ రాసిన గోలీలు మింగుతూ పోశం వానాకాలమంతా తాగకుండా ఉన్నాడు. డ్యూటీకి పోయాడు. చేతులు నిలకడగా ఉన్నాయి. అనసూర్య కొత్త ధైర్యంతో నల్లా దగ్గర ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. "గది జబ్బట. షుగరు, బీపీ లెక్కనే. డాక్టరమ్మ చెప్పింది."

ఆడవాళ్లు నవ్వారు. "జబ్బయితే గోలీలు ఊకెనే ఇయ్యరాదు సర్కారు? వైన్సులు ఎందుకు పెట్టె?" అని ఒకామె. కోమల మాత్రం నవ్వలేదు. ఆమె మొగుడూ తాగుతాడు. బిందె నేల మీద పెట్టి సూటిగా అడిగింది.

"షుగరున్నోడు పెండ్లాన్ని కొడ్తడా అక్కా? నా మొగడు కొట్టినప్పుడల్లా, పాపం జబ్బు అనుకోవాల్నా నేను?"

తర్వాత కరీంనగర్ పోయినప్పుడు అనసూర్య డాక్టరమ్మను అదే అడిగింది. "జబ్బంటే చేసిన తప్పు తప్పు కాదని కాదమ్మా. దెబ్బకు జవాబు చెప్పాల్సిందే, జబ్బుకు వైద్యం చేయాల్సిందే" అని ఆమె చెప్పింది. వినడానికి బాగానే ఉంది. తిరిగివచ్చి కోమలకు చెబితే, కోమల కమిలిన చేయి కొంగు కింద దాచుకుని, "డాక్టరమ్మను గీ సందుల ఒక వారం ఉండమను" అని పోయింది. తన దగ్గరున్నది సగం మాటేనని అనసూర్యకు అర్థమైంది. మిగతా సగం ఎక్కడుందో తెలియక ఆ రోజంతా ఎవరి మీదో తెలియని కోపంతో గడిపింది.

వినాయక చవితి దాటాక వెంకటి తల్లి చనిపోయింది. దినాల నాడు పోశం పోక తప్పదు. పోయే ముందు అనసూర్య ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాల చెప్పింది. అయినా చావింట్లో వెంకటి గ్లాసు చేతిలో పెట్టాడు. "మా అవ్వ పేరు మీద గొంతు తడుపు పోశన్నా. చావింట్ల వద్దనద్దు." పోశం వద్దనలేదు. ఇంటికి వచ్చేసరికి నడక చూసే ఆమెకు తెలిసింది. మర్నాడు పొద్దున గోడ వైపు తిరిగిన వీపు చూసి ఆమె గొంతు పగిలేలా అరిచింది.

"అన్ని నెలలు ఉంటివి గదా! ఎందుకు మళ్ల?"

పోశం నిదానంగానే చెప్పాడు. "నేను తాగుబోతోన్నే. లోకమంత అంటనే ఉన్నది. తాగుబోతోడు తాగకపోతె ఏం చేస్తడు?"

దవాఖానలో కట్టేసినప్పుడు కూడా ఆమెకు ఇంత కోపం రాలేదు. పేరు పెట్టింది లోకం, దాన్ని కప్పుకుని పడుకున్నది ఇతను. "గా మాట పట్టుకోని తప్పించుకోకు" అంది. "లోకం నన్ను కూడ తాగుబోతు పెండ్లామంటది. గందుకని నేను మిషన్ కాడికి పోకుంట పంటున్ననా?"

ఈసారి అనసూర్య తాగుడును ఇంట్లో ఆపనివ్వలేదు. కైలాసం ఫోన్ చేసి, "మళ్ల దవాఖాననా? ఎన్నిమాట్లు? ఒక మాట చెప్పాల్నా, కోపం చేయకు. వాడు సర్వీసుల ఉండంగ ఏమన్న అయినా పిల్లకు నౌకరి వస్తది. నువ్వు ఊకె పరేషాన్ కాకు" అన్నాడు. ఆమెకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోన్ మిషన్ మీద పెట్టేసి, అందులోంచి అతను హలో హలో అంటుంటే వింటూ నిలబడింది. ఆ అన్నే అంతకు ముందు కారు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తమ్ముడి మీద ప్రేమ లేదనడానికి లేదు. తమ్ముణ్ణి అప్పుడే పోయినవాళ్లలో కలిపేసుకున్నాడు, అంతే. ఆమె స్పందనను తోడు తీసుకుని, పోశాన్ని బస్సెక్కించి కరీంనగర్ తీసుకుపోయింది.

"మళ్ల మొదటికొచ్చింది మేడం" అంది అక్కడ.

"మొదటికి రాలేదమ్మా. ఈసారి ఫిట్స్ రాకముందే వచ్చిండ్రు" అంది డాక్టరమ్మ.

ఆ తేడా అనసూర్యకు ఊరట కాలేదు. ఎన్నిసార్లు ఇట్లా రావాలో చెప్పమంది. డాక్టరమ్మ చెప్పలేనంది. కనీసం అది నిజం చెప్పిందనిపించింది.

దసరాకు కైలాసం రమ్మన్నాడు. పోనని అనసూర్య, పోవాలని పోశం. అన్న పిలిస్తే పోకపోతే ఊళ్లో ఏమంటారన్నాడు. ముగ్గురూ పోయారు. జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని, అలాయ్‌బలాయ్ అని ఒకరినొకరు కౌగిలించుకున్నాక, వాకిట్లో కుర్చీలు వేశారు. యాట కూర ఉడుకుతోంది. చుట్టాల నడుమ కైలాసం గ్లాసులు నింపుతూ తమ్ముడి ముందు ఒకటి పెట్టి నవ్వాడు.

"మా తమ్ముడు ఇప్పుడు స్వామి. ముట్టడట. పండుగ నాడు పెద్దోని చేతి నుంచి తీస్కుంటె ఏం కాదు, తీస్కోరా."

అందరూ నవ్వారు. పోశం కూడా నవ్వాడు. అతని చేయి గ్లాసు వైపు పోలేదు, దూరంగా కూడా జరగలేదు. అనసూర్య వంటపొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వచ్చింది. ఆ ఇంట్లో బావ ముందు ఆమె గొంతు ఎత్తిన రోజు లేదు.

"బావా, ఆయనకు తాగుడు జబ్బున్నది. ఒక్క గ్లాసుతోని ఆగదు ఆయనకు. మళ్ల ఫిట్సు వస్తయి, మళ్ల దవాఖాన. నీకు తెల్సు, నీ కారులనే తీస్కపోతివి. తెల్సి పోసినవంటె సావుకు పోసినట్టే. నేను నలుగురిల గిదే చెప్త."

కైలాసం గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "పండుగ పూట ఇంట్ల సావు మాటలా? ఆడిదానివి, గిట్లనా మాట్లాడేది?" అన్నాడు. ఒక ముసలాయన, "తాగుడు జబ్బేందిరా, గీ కాలంల అన్నీ జబ్బులే" అన్నాడు. మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. అనసూర్య చెప్పులేసుకుంది. స్పందన సంచి తెచ్చింది. పోశం ఒక నిమిషం కుర్చీలోనే ఉండి, తర్వాత లేచి వాళ్ల వెనకాల నడిచాడు.

ఆటోలో సుల్తానాబాద్ వచ్చారు. బస్టాండులో పోశం అన్నాడు. "ఇజ్జత్ తీసినవ్. నలుగురిల నన్ను పిచ్చోన్ని చేసినవ్."

"పిచ్చోడనలే. జబ్బున్నదన్న."

"నాకు రెండు ఒకటే."

బస్సులో ఆమె పక్కన కూర్చోకుండా రెండు వరుసల ముందు కూర్చున్నాడు. పెద్దపల్లిలో బస్సు ఆగినప్పుడు దిగాడు. బస్టాండు ఎదురుగా వైన్స్ ఉంది. పండుగ రద్దీలో జనం రోడ్డు దాకా నిలబడ్డారు. స్పందన, "నేను పోయి సూడాల్నా అవ్వా?" అంది. అనసూర్య వద్దంది. ఎన్నేళ్లని ఆ మనిషి వెనకాల పోతూ ఉంటుంది? పోకుండా కూర్చోవడం ఇంకా కష్టంగా ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. రెండోసారి కొట్టాడు. కండక్టరు తలుపు వేయబోతుంటే పోశం డజను అరటిపళ్లు, నీళ్ల సీసా పట్టుకుని ఎక్కాడు.

ఈసారి ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. పళ్లు స్పందనకు ఇచ్చాడు. అనసూర్య తనకు తెలియకుండానే అతని వైపు వంగి ఊపిరి పీల్చింది. వాసన లేదు. అతను అది గమనించాడు. మొహం అవతలి కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆమె క్షమించమని అడగలేదు. బస్సు గోదావరిఖని వైపు కదిలింది.